నాచారం సూదుల హాలు, మా ఆయన పెట్టుకున్న పథ్యం

ఒక సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కుర్చీలో కూలబడి, "ఇగ బస్సు ఎక్కను. డిపోల లోపలి పని అడుగుత" అన్నాడు. మా ఆయన పేరు సత్తయ్య. జనగామ నుంచి ఉప్పల్ వెళ్ళే బస్సులో కండక్టరు. నేను జనగామలోనే ఒక బడిలో తెలుగు చెబుతాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు నా మీద కోపం వచ్చిన రోజులున్నాయి, కూరలో ఉప్పు మీద కోపం వచ్చిన రోజులున్నాయి గానీ, బస్సు మీద కోపం వచ్చిన రోజు లేదు. ఏ స్టేజీలో ఎవరు ఎక్కుతారో, ఎవరి కూతురు ఏ కాలేజీలో చదువుతోందో అన్నీ ఆయనకు తెలుసు. నిద్రలో కూడా "రైట్ రైట్" అంటాడు. అలాంటి మనిషి ఆ మాట అనేసరికి నా గుండెల్లో రాయి పడింది.

కారణం ఆయన అరచేతులు. మూడేళ్ళుగా సోరియాసిస్. చర్మం ఎర్రబడి, పొలుసులు లేచి, చలికాలం వస్తే పగుళ్ళు పడి నెత్తురు కనిపిస్తుంది. మోచేతుల మీద కూడా ఉంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని చర్మవ్యాధుల డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ సంగతి మాకు తెలుసు, బస్సులో ఎక్కేవాళ్ళకు తెలియదు కదా! తామర అనుకునేవాళ్ళు కొందరు, అంతకన్నా పెద్ద రోగమేదో అనుకునేవాళ్ళు కొందరు. ఆ రోజు ఎవరో ఒకావిడ ఆయన చేతి నుంచి టికెట్ తీసుకుని కొంగుతో తుడుచుకుందట. "ఆమెను ఏమనాలె? నా చెయ్యి సూస్తే నాకే ముట్టబుద్ధి కాదు" అన్నాడు. ఆ మాటకు నాకు ముందు ఏడుపొచ్చింది, ఆ తర్వాత కోపమొచ్చింది. నాకు కోపమొస్తే ఊరికే కూర్చోవడం చేతకాదు.

ఆయనతో పనిచేసే డ్రైవర్ ఒకాయన నాచారంలో ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మ గురించి చెప్పాడు. ఆయన మరదలికి ఎగ్జిమా దురద చాలా తగ్గిందట. సూదులంటే నాకు పెద్దగా నమ్మకం లేదు. అందుకే ముందు మా చర్మవ్యాధుల డాక్టరునే అడిగాం. కొందరికి దురద తగ్గుతుందని విన్నాను, శుభ్రమైన సూదులు వాడితే ప్రయత్నించవచ్చు, నా మందులు మాత్రం ఆపొద్దు అన్నాడాయన. మా ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు.

ఆ రోజుల్లో ఏ వారం చూసినా ఒక బంద్, ఒక రాస్తారోకో. అవేవీ లేని గురువారం చూసుకుని పొద్దున ఆరింటి బస్సెక్కాం. జనగామ నుంచి ఉప్పల్‌కు ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటల ప్రయాణం, టికెట్ అరవై రూపాయలకు కాస్త అటూ ఇటూ. పొద్దున్నే వెళ్ళడం మంచిది. ఎనిమిది దాటితే ఘట్‌కేసర్ దగ్గర్నుంచే బండ్లు చీమల బారులా నడుస్తాయి. ఆలేరు, భువనగిరి, బీబీనగర్ దాటే వరకు మా ఆయన సీట్లో కుదురుగా కూర్చుంటే ఒట్టు. ఎవరైనా లేచి నిలబడితే చాలు, ఆయన చెయ్యి బెల్లు తాడు కోసం పైకి లేస్తుంది. కొత్త కండక్టర్ కుర్రాడు స్టేజీ పేరు కాస్త మెల్లగా పలికితే ఈయనకు ప్రాణం మీదికొచ్చినంత పనైంది. "గట్ల గొణిగితే ఎన్కున్నోళ్ళకు ఎట్ల ఇనబడ్తది?" అని నా చెవిలో విసుక్కున్నాడు. డిపో లోపలి పనికి పోతానన్న మనిషి ఈయనేనా అని నవ్వుకున్నాను.

నారపల్లి దగ్గరికొచ్చేసరికి పొలాల్లో పైరుకు బదులు తెల్లరంగు వేసిన హద్దురాళ్ళు వరసగా కనిపించాయి. ఉప్పల్‌లో దిగేసరికి మెట్రో స్తంభాల కోసం రోడ్డు మధ్యంతా తవ్వి పెట్టారు. ఒకటే దుమ్ము. ఎగ్జిమా, సోరియాసిస్ ఉన్నవాళ్ళు వస్తే చేతులకు నూనో క్రీమో రాసుకుని రండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మా ఆయన మాత్రం చేతులకేమీ రాసుకోలేదు. ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

చౌరస్తాలో ఒక ఇడ్లీ బండి దగ్గర ఆగాం. పొగలు కక్కే ఇడ్లీలు, పల్లీ చట్నీ, ఎర్రకారం. ప్లేటు పదిహేను రూపాయలే గానీ రుచికి వంక పెట్టలేం. మా ఆయన ప్లేటు ముట్టుకోలేదు. తినమంటే ఆకలి లేదన్నాడు. చట్నీ లేకుండా ఒక్కటి తినమన్నా వినలేదు. బండి నడిపే ఆమె ఆయన్ను ఎగాదిగా చూసి, "సారుకు ఇయ్యాల ఒక్కపొద్దా అమ్మా?" అని అడిగింది. "ఈయన ఒక్కపొద్దులుండే మనిషి గాదు" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. నేను ఆయన ప్లేటు కూడా ఖాళీ చేసి బయల్దేరాను. దారి ఖర్చులో తిండి వృథా కావడం నాకు నచ్చదు.

ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారానికి షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి పది రూపాయలు. హబ్సిగూడ వరకు పోయి కుడివైపు తిరుగుతాయి. ఆటో డ్రైవర్ మమ్మల్ని అద్దంలో చూసి, "దవాఖానాకా అమ్మా?" అన్నాడు. ఆక్యుపంక్చర్ క్లినిక్‌కు అని చెప్పాను. "సూదుల డాక్టరమ్మనా! మా కాక పోతడు, నడుము నొప్పికి. ఫికర్ జెయ్యకు అన్నా, చీమ కుట్టినంత గూడ ఉండదు" అని మా ఆయనకు ధైర్యం చెప్పి, మెయిన్ రోడ్డు మీద ఒక మందుల షాపు పక్క సందు దగ్గర దింపాడు. అటుపక్కంతా ఫ్యాక్టరీ షెడ్లు. పొద్దుటి షిఫ్టుకు ఆలస్యమైన మనుషులు టిఫిన్ డబ్బాలు పట్టుకుని గేట్ల వైపు దాదాపు పరుగెడుతున్నారు.

క్లినిక్ మొదటి అంతస్తులో. డాక్టర్ సుధ గారిది గుంటూరు వైపు. ఇంగ్లిషు వైద్యమే చదివి, తర్వాత ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. వయసు యాభై దాటి ఉంటుంది. గొంతు మెత్తన, మాట మాత్రం ఖచ్చితం. మేము కూర్చోగానే ఆవిడ చెప్పిన మొదటి మాటే నాకు నచ్చింది. "దీన్ని పూర్తిగా పోగొడతానని నేను చెప్పనండీ. అలా చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. కొందరికి దురద తగ్గుతుంది, నిద్ర పడుతుంది, మంట చల్లారుతుంది. కొందరికి ఏమీ కాదు. ఒక ఆరేడు వారాలు చూద్దాం. ఉపయోగం లేకపోతే నేనే ఆపేస్తాను." ఒక్కో వారానికి నూట యాభై రూపాయలు. సూదులు మన కళ్ళముందే ప్యాకెట్ చించి తీస్తారు, ఒకసారి వాడి పారేస్తారు.

అక్కడ నేను ఎక్కడా చూడని పద్ధతి ఒకటుంది. చర్మం జబ్బులవాళ్ళందరినీ ఒకే హాల్లో గోడ వెంబడి వరసగా కుర్చీల్లో కూర్చోబెడతారు. ఆడవాళ్ళకు అవసరమైతే పక్కన తెర ఉంది గానీ, చేతులూ కాళ్ళ వరకైతే అందరూ కలిసే. కొత్త మనిషి లోపలికొస్తే పాతవాళ్ళలో ఎవరో ఒకరు ముందుగా తమ మచ్చలు చూపించాలి. చూపించాక కొత్త మనిషి చూపించాలి. అదీ అక్కడి ఆచారం. ఎందుకని అడిగితే, "కొత్తవాళ్ళు నా దగ్గర కూడా సగం దాస్తారండీ. ముందు ఇంకొకరిది చూస్తే దాచరు" అన్నారు డాక్టర్ గారు.

మా ఆయన వంతుకు బాలామణి అనే ఆవిడ వచ్చింది. పక్కనే ప్యాకింగ్ కంపెనీలో పనిచేస్తుందట. నోరు మంచిది, కాస్త పెద్దది కూడా. కుర్చీ మీద కూర్చునే చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాగి, రెండు పాదాలూ ముందుకు చాపింది. చీలమండల చుట్టూ దట్టంగా నల్లబడిన చర్మం, అక్కడక్కడ గీరుకున్న గుర్తులు. "జర సూడు తమ్మీ. నేనొచ్చినప్పుడు దీనికన్న అధ్వాన్నం. రాత్రంత గోకుడే గోకుడు. మా ఇంటాయన వేరే రూముల పండుకునేటోడు" అంది. హాలంతా నవ్వింది. "ఇప్పుడైతే?" అని ఎవరో అడిగారు. "ఇప్పుడు నేనే రానిస్తలేను" అంది. ఆ నవ్వులో మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచి అరచేతులు విప్పాడు. బయటివాళ్ళ ముందు ఆయన అలా చేతులు చాపడం చూసి ఎన్నాళ్ళయిందో. ఒక్కళ్ళు కూడా వెనక్కి జరగలేదు. బాలామణి ఆ చేయి పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి చూసింది. ఇలాంటి హాలును కట్టి నడుపుతున్న డాక్టరమ్మకు అప్పుడే మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

సూదులు పెట్టడం మొదలైంది. వెంట్రుకకన్నా కాస్త లావు, అంతే. ఎర్రబడిన చర్మం జోలికి ఆవిడ సూదిని పోనివ్వలేదు. మోచేతి మడత చివర ఒకటి, మోకాలి కింద ఒకటి, చీలమండకు పైన ఒకటి. మా ఆయన పళ్ళు బిగించి, "నొప్పి లేదు గని గుంజుతున్నది డాక్టరమ్మా" అన్నాడు. "అలా బరువుగా గుంజితే సరైన చోట పడ్డట్టే. అరగంట కదలకుండా కూర్చోండి" అని ఆవిడ పక్క కుర్చీకి వెళ్ళారు.

కాసేపటికి మా ఆయన నుదుటి మీద చెమట చూశాను. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. "కండ్లు తిరుగుతున్నయ్" అన్నాడు, అంతే, తల పక్కకు వాలిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను నోరు తెరిచేలోగా, పాదాల నిండా సూదులున్న బాలామణి లేవలేక కూర్చున్నచోటు నుంచే "డాక్టరమ్మో!" అని ఒక్క కేక వేసింది. సుధ గారు పరుగున వచ్చి గబగబా సూదులన్నీ తీసేసి, నర్సు సాయంతో ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టారు. నాడి పట్టుకుని చూశారు. కళ్ళు తెరిచి తేరుకున్నాక పంచదార నీళ్ళు కొద్దికొద్దిగా తాగించారు.

"పొద్దున ఏం తిన్నారు?" అని అడిగారు. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఇడ్లీ సంగతి చెప్పాను. "నిన్న రాత్రి?" అన్నారు ఆవిడ. "ఒక్క జొన్నరొట్టె" అన్నాడు. డ్యూటీలో తింటున్నానని నాకు చెప్పి ఇంట్లో సరిగ్గా తినకుండా, డ్యూటీలోనూ ఏమీ తినకుండా, పది రోజులుగా ఈయన పథ్యం చేస్తున్నాడట! వంకాయ లేదు, చింతపండు లేదు, నూనె లేదు, కోడిగుడ్డు లేదు. ఎవరు చెప్పారు ఈ పథ్యం? ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు కామెర్లకు పసరు మందు పోయించుకున్నప్పుడు పరగడుపున వెళ్ళాడట, ఉప్పూ నూనే లేకుండా తిన్నాడట. మందంటే అలాగే ఉండాలని ఈయన లెక్క.

సుధ గారు "మరి క్రీమూ, బిళ్ళలూ వాడుతున్నారా?" అని మెల్లగా అడిగారు. మా ఆయన పైకప్పు వైపు చూస్తూ, "అవి గూడ బంద్ జేసిన. ఒక మందు మీద ఇంకో మందు పడదు గదా. సూదులు మంచిగ పన్జెయ్యాలంటే ఒళ్ళు సాఫ్‌గ ఉండాలె అనుకున్న" అన్నాడు.

నాకు తల తిరిగింది. ఈసారి నన్ను పడుకోబెట్టాలేమో అనిపించింది. పొద్దున ఆయన చేతులు అంత పొడిగా ఎందుకున్నాయో, ఈ వారంలో ఎరుపు ఎందుకు పెరిగిందో అప్పుడర్థమైంది. "డాక్టర్ ఆపొద్దన్నడు గదా! నాకెందుకు చెప్పలే మీరు?" అని గట్టిగానే అరిచాను. ఆయన లేచి కూర్చుని, తల వంచుకుని అన్నాడు: "చెప్తే నువ్వు వద్దంటవు. ఇదొక్కటి పన్జేస్తే నేను బస్సు మీదనే ఉండొచ్చు అనుకున్న."

నా కోపం ఎటుపోయిందో తెలియలేదు. సుధ గారు కూడా తిట్టలేదు. కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుని, "సత్తయ్య గారూ, మీ మందులూ నా సూదులూ సవతులు కావండీ. ఒకే పనికి వచ్చిన ఇద్దరు కూలీలు. ఒకరిని పంపించేస్తే రెండోవాడి మీద బరువు పడుతుంది. ఇవాళే మీ చర్మం డాక్టరుకు ఫోన్ చేసి, పది రోజులు మానేశానని చెప్పండి. మళ్ళీ ఎలా మొదలెట్టాలో ఆయన చెబుతారు. ఆయన చెప్పాకే మళ్ళీ నా దగ్గరికి రండి" అన్నారు. అప్పటికి సూదులు తీయించుకున్న బాలామణి తన టిఫిన్ డబ్బా తెరిచి, వంకాయ కూరతో అన్నం కలిపి ఆయన చేతికిచ్చింది. "తిను తమ్మీ. నేను గూడ గిట్లనే నెలరోజులు చప్పిడి తిన్న. పాదాలు తగ్గలే, నేనే తగ్గిన" అంది. మా ఆయన ఆ పగిలిన చేత్తోనే తిన్నాడు, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. మళ్ళీ సూదులు పెట్టమంటే సుధ గారు ఈరోజుకు వద్దన్నారు.

కింద మందుల షాపు దగ్గర నిలబడి మా డాక్టరుకు ఫోన్ చేశాం. ఆయన నాలుగు చీవాట్లు పెట్టి, ఏది ఎప్పుడు వేసుకోవాలో చెప్పాడు. మధ్యాహ్నం మూడింటికి ఉప్పల్‌లో జనగామ బస్సెక్కాం. ఆ వేళకు సీటు దొరకాలంటే చౌరస్తాకు ఒక స్టేజీ ముందే ఎక్కడం మంచిది. మాకు ముందు తలుపు పక్క సీట్లు దొరికాయి. ఘట్‌కేసర్‌లో జనం విరగబడ్డారు. కండక్టర్ వెనకెక్కడో ఇరుక్కుపోయాడు. కూరగాయల గంపతో ఒక ముసలావిడ మెట్టు ఎక్కలేక అవస్థ పడుతోంది. మా ఆయన అలవాటు కొద్దీ లేచి చెయ్యి అందించాడు. ఆమె గట్టిగా పట్టుకుని పైకొచ్చి, గంప దించుకున్నాక, తాను పట్టుకున్న ఆ చేతిని చూసింది.

"ఏం బిడ్డా, చెయ్యి గిట్లైంది?" అంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "సోరియాసిస్ అంటరు అవ్వా. అంటుకునేది కాదు. మందులు వాడుతున్న, నాచారంల సూదులు గూడ పెట్టిస్తున్న" అన్నాడు. ఆమె ఇంకా దగ్గరగా వంగి చూసింది. "మా కోడలికి మోకాళ్ళకు గిట్లనే ఉన్నది. గడప దాటి ఎల్తలేదు. యాడున్నదో జెప్పు బిడ్డా, తోల్కపోత." వెనక నుంచి ఇంకో గొంతు, "మాక్కూడ జెప్పన్నా!" అంది. మా ఆయన కడ్డీ పట్టుకుని నిలబడి, బస్సు చివరిదాకా వినబడే తన డ్యూటీ గొంతుతో మొదలెట్టాడు: "ఉప్పల్ చౌరస్తల దిగాలె, నాచారం ఆటో ఎక్కాలె, హబ్సిగూడ కాడ కుడిచెయ్యికి తిరుగుతది..." కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. సంతోషంతోనే.

ఆ తర్వాత చాలా గురువారాలు నాచారం వెళ్ళాం. మీరూ వెళ్ళాలనుకుంటే నేను చెప్పేవి మూడు మాటలు: కడుపునిండా తిని వెళ్ళండి, వాడుతున్న మందు ఏదీ మానకుండా వెళ్ళండి, ఏదైనా మానేసి ఉంటే సూది పెట్టకముందే నోరు విప్పి చెప్పండి.

ఇప్పుడు ఆయన అరచేతుల పగుళ్ళు పూడాయి, ఎరుపు చాలావరకు దిగింది. మోచేతులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఇందులో బిళ్ళల వాటా ఎంత, సూదుల వాటా ఎంత అంటే నాకు తెలియదు. సుధ గారు కూడా తెలుసని చెప్పరు, అందుకే ఆవిడంటే నాకు గౌరవం. దురద తగ్గి రాత్రిళ్ళు నిద్ర పట్టడం మాత్రం సూదుల పుణ్యమే అంటాడు మా ఆయన. జబ్బు మళ్ళీ రావచ్చు, వస్తే మళ్ళీ వెళ్తాం. జబ్బుతో సగం, దాన్ని దాచుకోవడంతో సగం నలిగిపోయిన మనిషికి ఆ హాల్లో రెండో సగం తేలికైంది. పోయిన వారం డిపోలో లోపలి పని ఖాళీ అయిందట. కావాలా అని పిలిచి అడిగారట. "ఏమన్నరు మీరు?" అన్నాను. "ఏమంట? బస్సుకు టైమైతున్నదని వచ్చేసిన" అన్నాడు.